యాడెంత?

మే నెలలో సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా నాయన ఫోన్‌లో నేను చేసిన యాప్ కనిపించలేదు. ఎప్పుడూ వాట్సాప్ పక్కనే ఉండేది. ఆ చోటు ఖాళీగా ఉంది.

"నాయనా, యాడెంత ఏమైంది?" అని అడిగా.

"ఫోన్ స్లో అయితాందని తీసేసినాలే" అన్నాడు, టీవీ వైపే చూస్తూ.

అది నిజానికి యాప్ కూడా కాదు. ఒక వెబ్ పేజీకి హోమ్ స్క్రీన్ మీద పెట్టిన షార్ట్‌కట్. అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే, ఫోన్ స్పీడ్ ఏమీ మారదు. ఆ సంగతి నాయనకు తెలీదు, నాకు తెలుసు. కాబట్టి ఆయన చెప్పేది అబద్ధమని వెంటనే అర్థమైంది. ఎందుకు చెప్పాడో అర్థం కావడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది.

మన క్లబ్ వాళ్ళు "నీ ప్రాజెక్ట్ గురించి తెలుగులో ఏదైనా రాసివ్వు" అన్నప్పుడు మొదట వద్దన్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. తెలుగులో నేను చివరిసారి ఒక పేజీ నిండా రాసింది పదో తరగతి పరీక్షలోనే. కానీ ఇదే విషయాన్ని ఇంగ్లిష్‌లో చెప్తే రెజ్యూమేలో ఒక్క లైన్‌తో అయిపోతుంది: రీజనల్ డీజిల్ ప్రైస్ లుకప్ టూల్, పైథాన్. ఆ లైన్ నా రెజ్యూమేలో ఉంది కూడా. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మాది తాడిపత్రి. నల్ల బండల ఊరు. మీ ఇంటి మెట్ల మీదో, వంటగది గట్టు మీదో పాలిష్ పట్టిన నల్ల బండ ఉంటే అది మా వైపు నుంచి వచ్చిందే అయి ఉండొచ్చు. నాయనకు ఒక లారీ ఉంది. దాని మీద ఫైనాన్స్ కంతులు ఇంకా నడుస్తున్నాయి. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. వారానికి రెండు ట్రిప్పులు బండలు వేసుకుని బెంగళూరు పోతాడు. అనంతపురం, పెనుకొండ మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా మన రాష్ట్రం. అది దాటితే కర్ణాటక. కాసేపటికే బాగేపల్లి వస్తుంది. తర్వాత చిక్కబళ్ళాపురం, ఆ తర్వాత బెంగళూరు.

రానూపోనూ దగ్గర దగ్గర 540 కిలోమీటర్లు. పోయేటప్పుడు నిండు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ లేదా ఏదో చిన్న లోడు. సగటున లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తుందనుకుంటే ట్రిప్పుకు 135 లీటర్ల డీజిల్. బాగేపల్లిలో ఎవరిని పలకరించినా తెలుగులోనే మాట్లాడతారు, టీ కూడా మన టీలాగే ఉంటుంది. డీజిల్ రేటు ఒక్కటే వేరు. 2024 చివర్లో అనంతపురంలో లీటరు 97 రూపాయల చుట్టుపక్కల ఉంటే అక్కడ 89. ఎనిమిది రూపాయల తేడా. 135 ఇంటూ 8, ట్రిప్పుకు 1,080 రూపాయలు. నెలకు ఎనిమిది ట్రిప్పులంటే 8,640. మా ఇంట్లో ఆ డబ్బుకి చాలా పనులున్నాయి. నా హాస్టల్ మెస్ బిల్లు వాటిలో ఒకటి.

కర్ణాటకలో చవక అని తెలుసుకోవడానికి లారీ వాళ్ళకి యాప్ అక్కర్లేదు. కానీ ఎప్పుడూ బెంగళూరు లోడే దొరకదు. ఒక్కోసారి హైదరాబాద్, ఒక్కోసారి చెన్నై. అప్పుడు లెక్క మారుతుంది. బోర్డరు ఇవతల ఎంత పట్టించుకోవాలి, అవతలికి పోయాక ఎంత? దీనికి నాయన వాడే పద్ధతి ఫోన్. తాడిపత్రిలో పట్ట కట్టి తాళ్ళు బిగించాక, స్టీరింగ్ ముందు కూర్చుని గుత్తి మామకు ఫోన్ చేసేవాడు. గుత్తి మామ మాకు చుట్టమేం కాదు, ఇరవై ఏళ్ళుగా అదే రోడ్ల మీద లారీ నడిపే ఆయన స్నేహితుడు. "మామా, యాడ ఉండావ్? ఆడ ఎంత?" అని మొదలై, రేటు దగ్గర ఆగకుండా గుత్తి మామ బిడ్డ పెళ్ళి, టైర్ల రీబటన్, ఎవరి లారీ ఎక్కడ పల్టీ కొట్టింది, అన్నీ అయ్యాక ఇరవై నిమిషాలకి ముగిసేది.

చిన్నప్పటి నుంచి ఆ ఫోన్లు వింటూ పెరిగా. కోడింగ్ నేర్చుకున్నాక అనిపించింది: ఇరవై నిమిషాల ఫోన్ కాల్, రెండు సెకన్ల పని కదా.

ఫస్టియర్ దసరా సెలవుల్లో కూర్చున్నా. ముందు అసలు డీజిల్ రేటు ఊరికో రకంగా ఎందుకుంటుందో చదివా. ఇది మనలో చాలామందికి తెలీదు, నాకూ తెలీదు, అందుకే కొంచెం చెప్తా.

2014 అక్టోబర్ దాకా డీజిల్ రేటు కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉండేది. తర్వాత ఆయిల్ కంపెనీలకి వదిలేశారు. మొదట్లో పదిహేను రోజులకోసారి మార్చేవాళ్ళు. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ పొద్దున ఆరు గంటలకి కొత్త రేటు. అంతకు ముందు మే 1 నుంచి ఐదు ఊళ్ళలో ట్రయల్ చేసి చూశారు. అందులో మన విశాఖపట్నం ఒకటి.

ఇక రేటు లోపల ఏముంటుందంటే, ముందు క్రూడ్, రిఫైనరీ, రవాణా ఖర్చులు. దాని మీద కేంద్రం ఎక్సైజ్, ఇది లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. తర్వాత బంకు వాళ్ళ కమిషన్. ఆఖర్న రాష్ట్రం వేసే పన్ను. జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిలు అందులోకి రాలేదు. కాబట్టి ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. మన దగ్గర డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. తెలంగాణలో 27 శాతం. కర్ణాటకలో నేను టూల్ రాసిన రోజుల్లో 18.44 శాతం. నాయన ట్రిప్పుకు వెయ్యి రూపాయలు మిగుల్చుకునేది ఈ తేడా వల్లే.

ఒకే రాష్ట్రంలో కూడా రేటు ఒకటి కాదు. డిపో నుంచి ఎంత దూరమో దాన్నిబట్టి మారుతుంది. విశాఖలో రిఫైనరీయే ఉంది, మేము దానికి చాలా దూరం. ఒకే ఊళ్ళో రెండు కంపెనీల బంకుల మధ్య పైసల తేడా ఉంటుంది. యానాం అయితే చుట్టూ మన గోదావరి ఊళ్ళే, కానీ పన్ను పుదుచ్చేరిది, కాబట్టి రేటూ వేరే.

ఇదంతా చదివి గొప్పగా ఫీలై, ఊరూరా రేట్లు పెట్టే ఒక వెబ్‌సైట్ నుంచి పట్టిక లాగే పైథాన్ స్క్రిప్ట్ రాశా. ఫ్రీగా దొరికే సర్వర్ మీద రోజూ పొద్దున ఆరున్నరకి నడుస్తుంది, రేట్లు ఒక ఫైల్‌లో దాస్తుంది, ఆ ఫైల్‌ని ఒక పేజీ చూపిస్తుంది. రెండు రోజుల్లో అయిపోయింది. నాయన చేతిలో పెట్టా.

పేజీ మొత్తం ఇంగ్లిష్. "సెలెక్ట్ రీజియన్" అని ఉంది. "రీజియన్ అంటే ఏందప్పా?" అన్నాడు నాయన. ఆయన ఐదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నాడు. ఇంగ్లిష్‌లో ఊళ్ళ పేర్లు, బండి నంబర్లు చదవగలడు, అంతే. సరే అని ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్‌లో వేసి మొత్తం తెలుగు చేశా. ఇప్పుడు పైన పెద్దక్షరాలతో "ప్రాంతీయ ఇంధన ధరల శోధన సాధనం" అని వచ్చింది. నాయన దాన్ని కూడబలుక్కుని చదివి, "ఇదేం మంత్రమప్పా?" అని నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ చదివించుకుని నవ్వింది.

"మరి నువ్వేమంటావు?" అని అడిగా.

"ఏమంటాం? యాడెంత అంటాం."

అదే పేరు పెట్టా. యాడెంత. ఇన్నేళ్ళూ నేను తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తున్నానని అనుకునేవాణ్ణి. ఆ రోజు తెలిసింది, ఇంగ్లిష్‌లోనే ఆలోచించి దానికి తెలుగు చొక్కా తొడుగుతున్నానని.

తర్వాత "అన్నిటికన్నా తక్కువ" అని ఒక బటన్ పెట్టా. నాయన నొక్కాడు. పోర్ట్ బ్లెయిర్ అని వచ్చింది. కోడ్ ప్రకారం కరెక్టే, దేశంలో డీజిల్ బాగా చవకైన చోటు అండమానే. "బండలతో పాటు లారీని పడవెక్కించమంటావా?" అన్నాడు. ఆ బటన్ తీసేసి, పోయే దారిలో ఉన్న ఊళ్ళు మాత్రమే చూపించేలా మార్చా. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇంకో పని కూడా చేశా. బోర్డరు ఇవతల ఎన్ని లీటర్లు చాలు, అవతల ఎన్ని పట్టించుకోవాలి, దానివల్ల ఎంత మిగులుతుంది అని లెక్క వేసి చూపించేది. అది నాయనకు బాగా నచ్చింది.

ఎంత నచ్చిందంటే, గుత్తి మామకు ఫోన్లు తగ్గాయి. లోడింగ్ దగ్గర వేరే డ్రైవర్లకి ఫోన్ తీసి చూపించేవాడట. "మావోడు చేసినాడు. ఇంజినీరింగ్" అని. ఈ మాట నాకు అమ్మ చెప్పింది. హాస్టల్‌లో ఉన్నప్పుడు అది గుర్తొస్తే కొంచెం నవ్వొచ్చేది, కొంచెం ఛాతీ పొంగేది. నేను ఐదు ఊళ్ళ రేట్లు లాగే స్క్రిప్ట్ రాశా. ఆయన లెక్కలో అదే ఇంజినీరింగ్.

తర్వాత సెమిస్టర్, ల్యాబ్ ఇంటర్నల్స్, టెక్ ఫెస్ట్. ఆ టూల్ వైపు నేను మళ్ళీ చూడలేదు. నడుస్తోంది కదా అనుకున్నా.

మే నెలలో, ఆ అబద్ధం విన్న రెండో రోజు, లారీ కడుగుతుంటే క్లీనర్ అన్నతో పాటు నేనూ బకెట్ పట్టుకున్నా. నాకంటే మూడేళ్ళు పెద్ద. మాటల్లో అడిగా, యాడెంత ఎందుకు తీసేశాడని.

"నీకు చెప్పలేదా?" అన్నాడు. కాసేపు టైరు మీద నీళ్ళు కొట్టి, "నేను చెప్పినానని అనొద్దు" అని చెప్పుకొచ్చాడు.

ఏప్రిల్ 3 పొద్దున బాగేపల్లి. ఎప్పుడూ పట్టించే బంకు కాదు, అక్కడ క్యూ ఉందని పక్కదానికి పోయారు. పట్టించే అబ్బాయి నా వయసువాడే. ఫుల్ ట్యాంకు కొట్టించాక నాయన లీటరుకు 89 లెక్కన డబ్బులు లెక్కపెట్టాడు. ఆ అబ్బాయి 91 అన్నాడు. నాయన ఫోన్ తీసి చూపించాడు. పైన ఆ రోజు తేదీ ఉంది, కింద 89. "ఇదో, ఈ పొద్దు రేటు. నీకెందుకు రెండు రూపాయలు ఎక్కువ?" అన్నాడు. అబ్బాయి మిషన్ వైపు చూపించాడు. నాయన వినలేదు. మిషన్‌లో ఏదో తిప్పినావన్నాడు, ఆంధ్రా బండి అని దోచుకుంటాండావా అన్నాడు. గొంతు పెరిగింది. వెనక ఆగిన లారీల వాళ్ళు దిగి చూస్తున్నారు. వాళ్ళలో మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. "నా కొడుకు చేసినాడు ఇది. వాడు తప్పు చెయ్యడు" అన్నాడట నాయన, అందరూ వినేట్టు.

లోపల్నుంచి మేనేజర్ వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. బంకు బయట రేట్ల బోర్డు చూపించాడు. కంపెనీ నంబరుకు ఆర్‌ఎస్‌పీ అని, పక్కన ఆ బంకు డీలర్ కోడ్ వేసి మెసేజ్ పంపితే ఆ రోజు రేటు తిరిగొస్తుంది. అది కూడా తన ఫోన్‌లోనే పంపి చూపించాడు. 91. "మొన్న ఒకటో తేదీ మా గవర్నమెంట్ పెంచిందన్నా" అన్నాడట.

నాయన మిగతా డబ్బులిచ్చి బండెక్కాడు.

"ఆ పొద్దు బెంగళూరు దాకా మాట్లాడలేదు మీ నాయన" అన్నాడు క్లీనర్ అన్న.

నేను బకెట్ అక్కడే పెట్టి లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచా.

2025 ఏప్రిల్ 1న కర్ణాటక డీజిల్ మీద పన్నుని 18.44 నుంచి 21.17 శాతానికి పెంచింది. లీటరుకు రెండు రూపాయలు పెరిగింది. ఏప్రిల్ మధ్యలో అక్కడి లారీ ఓనర్లు సమ్మె కూడా చేశారు. న్యూస్‌లో వచ్చింది. నా హాస్టల్ గదిలో ఎవరూ న్యూస్ చూడరు, నేను అసలే చూడను.

సర్వర్ లాగ్స్ చూశా. నేను రేట్లు తీసుకునే వెబ్‌సైట్ ఫిబ్రవరిలో పేజీ మార్చింది. పట్టికలో కొత్త కాలమ్ ఒకటి చేర్చారు. అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ సైట్. నా స్క్రిప్ట్‌కి ఆ పట్టిక అర్థం కాలేదు, ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో దసరా సెలవుల్లో నేనే రాశా. ట్రై, ఎక్సెప్ట్, పాస్. కోడ్ రాసేవాళ్ళకి ఇది తెలుసు. తెలీనివాళ్ళకి: "ఏదైనా తేడా వస్తే ఎవరికీ చెప్పకుండా మింగేసి ముందుకు పో" అని దానర్థం. రోజూ పొద్దున ఆరున్నరకి స్క్రిప్ట్ లేచేది, పట్టిక దొరక్క ఎర్రర్ మింగేది, ఫైల్‌లో ఫిబ్రవరి రేటు అలాగే వదిలేసి పడుకునేది.

అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. పేజీ పైన "ఈరోజు రేటు" అని తేదీ వేశా కదా. ఆ తేదీ డేటాతో పాటు వచ్చింది కాదు. ఫోన్ గడియారం నుంచి తీసుకున్నా. కోడ్‌లో అది సులువు. అంటే పైన తేదీ ఏప్రిల్‌ది, కింద రేటు ఫిబ్రవరిది. నాయన బంకు అబ్బాయికి చూపించింది దాన్నే. ఆయన తేదీ చూసుకున్నాడు. సరిగ్గానే చూసుకున్నాడు. ఆ తేదీ నేను వేసిన దొంగ ముద్ర.

మరి ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ ఎవరికీ ఎందుకు తెలీలేదు? రేటు రోజూ మారొచ్చు అని రూలు ఉందే కానీ ఈ మధ్య ఏళ్ళలో అది పెద్దగా కదల్లేదు. 2022 మే 22న కేంద్రం ఎక్సైజ్ తగ్గించింది. తర్వాత కంపెనీలు రెండు రూపాయలు తగ్గించడానికి 2024 మార్చి 15 దాకా పట్టింది. కర్ణాటకలో 2024 జూన్‌లో ఒకసారి పన్ను పెంచారు, ఆ తర్వాత పైసలు తప్ప కదలిక లేదు. రేటు కదలనన్నాళ్ళూ పనిచేసే టూలూ, చచ్చిపోయిన టూలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండూ 89 అనే చెప్తాయి. ఏది బతికుందో తెలిసేది రేటు మారిన రోజే. మనకి టూల్ కావాల్సింది కూడా ఆ ఒక్క రోజుకే.

డబ్బు లెక్క వేస్తే పోయింది ఏమీ లేదు. నాయన ఎలాగూ 91 కట్టాల్సిందే. నా టూల్ సరిగ్గా ఉన్నా అంతే కట్టేవాడు. నెలకు 2,160 రూపాయలు ఎక్కువవడం పన్ను వల్ల, నా వల్ల కాదు. ఈ లెక్క ఆ రోజు రెండు మూడు సార్లు వేసుకున్నా, కొంచెం తేలిగ్గా ఉంటుందేమోనని. ఉండలేదు. పోయింది డబ్బు కాదు కదా. నా వయసు కుర్రాణ్ణి మా నాయన నలుగురిలో దొంగ అన్నాడు. నా మాట నమ్మి అన్నాడు. తర్వాత ఆ నలుగురి ముందే తల దించుకున్నాడు. నాకు చెప్తే నేను బాధపడతానని ఫోన్ స్లో అన్నాడు.

ఆ రాత్రి నాయన గుత్తి మామతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విన్నా. చిన్నప్పటి నుంచి వింటున్న ఫోనే, ఈసారి చెవి పెట్టి విన్నా. "ఆడ ఎంత?" అని నాయన అడిగితే గుత్తి మామ ఒక అంకె చెప్పి ఊరుకోలేదు. స్పీకర్‌లో ఇలా వినిపించింది: "నిన్న సందకాడ నేను పట్టించినప్పుడు 91. చిక్కబళ్ళాపురం అవతల నాకు తెల్దు, నేను అంత దూరం పోలేదు. రేపు మా తమ్ముడు పోతాండాడు, కనుక్కోని చెప్తా."

ఎప్పుడు చూశాడో చెప్పాడు. ఎక్కడ చూశాడో చెప్పాడు. తనే చూశానన్నాడు. ఎక్కడిదాకా తెలుసో, ఎక్కడి నుంచి తెలీదో చెప్పాడు. రేపు ఎవరిని అడగాలో కూడా చెప్పాడు. ఇరవై నిమిషాల కాల్‌లో నేను వృథా అనుకున్నవన్నీ ఇవే. వాటిని తీసేసి ఒక్క అంకె మిగిల్చి, దానికి స్పీడ్ అని పేరు పెట్టుకున్నా.

మర్నాడు నుంచి నాలుగు రోజులు కూర్చుని తిరగరాశా. పట్టిక చదివే భాగం సరిచేయడం గంట పని. మిగతాదానికే టైం పట్టింది. ఇప్పుడు ప్రతి రేటు పక్కన అది ఎప్పుడు తీసుకున్నదో ఉంటుంది, ఫోన్ గడియారం కాదు, రేటుతో పాటు ఫైల్‌లో పడిన టైం. స్క్రిప్ట్ ఫెయిలైతే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. డ్రైవర్లు పట్టించుకున్నాక "ఇదే రేటు" లేదా "కాదు" అని నొక్కడానికి రెండు బటన్లు పెట్టా. అన్నిటికన్నా ముఖ్యమైనది, రేటు ఒక రోజు పాతబడితే అసలు అంకె చూపించదు. ఆ చోట "తెలీదు" అని వస్తుంది. దాని కింద ఒక పచ్చ బటన్. నొక్కితే గుత్తి మామకు ఫోన్ పోతుంది. మామని అడిగే పెట్టా. "ఓహో, నేను కూడా నీ కంప్యూటర్‌లో ఉండానా" అని సంబరపడ్డాడు.

"తెలీదు" అనే ఆ ఒక్క మాట చూపించడానికి రాసిన కోడ్, రేటు చూపించే కోడ్ కంటే పెద్దది. పరీక్షల్లో మనకెవరూ దీనికి మార్కులివ్వరు. ఖాళీ వదిలేకన్నా ఏదో ఒకటి రాసెయ్యమనే చిన్నప్పటి నుంచి చెప్పారు. నా స్క్రిప్ట్ కూడా అదే చేసింది. పాపం, నా దగ్గర నేర్చుకుంది కదా.

జూన్‌లో కాలేజీ తెరిచే ముందు ఒక ట్రిప్పు నాయనతో పోయా. క్యాబిన్‌లో చెప్పేశా, ఏప్రిల్ సంగతి తెలిసిందని. క్లీనర్ అన్న కిటికీలోంచి బయటికి చూశాడు. నాయన చాలాసేపు ఏమీ అనలేదు. పెనుకొండ దాటాక, "నీ మీద కోపం లేదప్పా. ఆ పిల్లోని మీద అరిచినా, అదే ఉండిపోయింది" అన్నాడు.

బాగేపల్లిలో క్యూ లేకపోయినా ఆ బంకుకే పోనిచ్చాడు. ఆ అబ్బాయే ఉన్నాడు. నాయన దిగి దగ్గరికెళ్ళి, "ఆ నెల నీ మీద అరిచి పోయినా. తప్పు నీది కాదప్పా, మాది" అన్నాడు.

ఆ అబ్బాయికి గుర్తుందో లేదో నాకు తెలీలేదు. "పర్వాలేదన్నా, రోజూ ఎవురో ఒకరు అరుస్తారు" అన్నాడు, పైపు ట్యాంకులో పెడుతూ.

నేను ముందుకెళ్ళా. "మాది కాదు, నాది. ఆ రేటు నేనే తప్పు చూపించా" అన్నా. నావైపు పైనుంచి కిందికి చూశాడు. "నువ్వేనా చేసింది?" అని ఫోన్ అడిగి తీసుకుని చూశాడు. మిషన్ మీద అంకె, ఫోన్‌లో అంకె సరిపోయాయి. "ఇదే రేటు" బటన్ ఆయనే నొక్కాడు.

ఇప్పుడు నాయన ఫోన్‌లో యాడెంత మళ్ళీ ఉంది. కాకపోతే ముందు గుత్తి మామకు ఫోన్, తర్వాతే ఇది. నేను ఏమీ అనను.

మొన్న ఆగస్టులో ఒక పొద్దున నాకు మెసేజ్ వచ్చింది, స్క్రిప్ట్ ఫెయిలైందని. అప్పుడు ల్యాబ్‌లో ఉన్నా, సరిచేయడం కుదర్లేదు. కాసేపటికి నాయన ఫోన్.

"ఏమప్పా, నీ యాడెంత తెలీదంటాంది."

"అవున్నాయనా. ఈ పొద్దు నిజంగానే తెలీదు."

"సరేలే" అన్నాడు. "మామకు చేస్తా."